నాలుగు అంచుల మీద రాత

మొన్న వికారాబాద్‌లో మా అన్న కూతురు నడుపుతున్న జిరాక్స్ షాపులో కూర్చుని చాయ్ ఊదుకుంటూ తాగుతుంటే, ఎవరో కాలేజీ విద్యార్థి ఫోన్‌లోంచి పంపిన ఇంటి నక్షా పెద్ద మిషన్‌లోంచి మెల్లగా బయటికి వచ్చింది. అలవాటు కొద్దీ మెడ సాచి దాని అంచులు చూశాను. నాలుగు వైపులా తెల్లగా, ఒక్క అక్షరం లేకుండా ఉంది. ఇదేమిటి, అంచు లేని చీరలా ఉందంటే, “ఆ రాత ఎప్పుడో బందయ్యింది చాచా, నువ్వింక ఆడనే ఉన్నవ్” అని నవ్వింది. నిజమే, నేను ఇంకా అక్కడే ఉన్నాను.

అక్కడ అంటే తాండూరులో, స్టేషన్ రోడ్డు మీది నా షాపులో. ఏడో తరగతిలో నేను బడి మానేశానని మా ఇంట్లో బాధపడేవారు గానీ, బడి మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకుందని మా సారు అనేవారట. అలాంటివాణ్ణి, పెద్ద చదువులు చదివే పిల్లల బొమ్మలు అచ్చు వేసే పని పట్టుకున్నాను. దేవుడు కూడా నాలాగే తమాషా మనిషి అనుకుంటాను. పెద్ద నక్షాలు అచ్చు వేసే సెకండ్ హ్యాండ్ ప్లాటర్ మిషన్ ఒకటి, కాగితాలు కోయడానికి ఇటుకల మీద పరిచిన నున్నటి తాండూరు బండ ఒకటి, ఇదీ నా సంపద. హైదరాబాద్‌లో ఇళ్ల నక్షాల చదువు చదివే మన వైపు పిల్లలు శనివారం రైలు దిగి, మెడలో తావీజులా పెన్‌డ్రైవ్ వేలాడదీసుకుని వచ్చేవారు.

ఆ నక్షాలు గీసే సాఫ్ట్‌వేర్‌ను కంపెనీవాళ్లు పిల్లలకు ఊరికే ఇచ్చేవారు గానీ, ఊరికే ఇచ్చినట్టు లోకమంతటికీ తెలియాలి కదా, అందుకని అచ్చు వేసినప్పుడల్లా కాగితం నాలుగు అంచుల మీదా ఇది చదువుకునే పిల్లలు గీసింది అని ఇంగ్లీషులో పడేది. మీలో ఎవరైనా పిల్లల్ని ఆ చదువు చదివించి ఉంటే గుర్తు ఉండే ఉంటుంది. అది అంటురోగం లాంటిది కూడా; స్నేహితుడి నక్షాలోంచి ఒక్క కుర్చీ బొమ్మ కాపీ చేసి తెచ్చుకున్నా, కుర్చీ వెనకాలే ఆ రాతా నడుచుకుంటూ వచ్చేది. ఊళ్లో పేరున్న కంట్రాక్టరు ఒకాయన కాగితం మీద కూడా అది పడితే, నా మిషన్ పాడైందని నలుగురిలో రంకెలు వేశాడు. “ఆ మెట్ల బొమ్మ ఏ పిల్లగానికాడ తెచ్చినవో జర యాద్ చేస్కో సేట్, మిషన్ ఏం పాపం జేసింది” అన్నాను. మళ్లీ నా షాపు మెట్లు ఎక్కలేదు.

కాలేజీలో అందరి కాగితాలకూ అదే అంచు కనుక ఎవరికీ పట్టింపు లేదు. పట్టింపు ఇంటి దగ్గరే వచ్చేది.

తాండూరు పక్కనే ఉన్న పెద్దేముల్ ఊరి పిల్ల ఒకతె ఉండేది. వాళ్ల నాన్న తాండూరులో బండలు పాలిష్ పట్టే చోట పని చేస్తూ ఊళ్లో ఇల్లు కట్టుకోబోతున్నాడు. పాత ఇంట్లో వాళ్లమ్మ పొగలో, గోడకు ముఖం పెట్టుకుని వండేదట; అందుకని ఈ పిల్ల వంటింటిని ముందుకు తెచ్చి, వీధి వైపు పెద్ద కిటికీ పెట్టి, వండుతూనే వచ్చేపోయేవారితో మాట్లాడేటట్టు నక్షా గీసింది. నా దగ్గరే అచ్చు వేయించి మురిపెంగా తీసుకుపోయింది. మర్నాడే ఏడుపు ముఖంతో, కాగితం చుట్ట పట్టుకుని షేర్ ఆటో దిగింది. ఇంగ్లీషు వచ్చిన పెదనాన్న అంచు చదివి, ఇది పిల్లలు నేర్చుకునే బొమ్మ, దీన్ని పట్టి కడితే ఇల్లు నిలబడదని తీర్పు చెప్పాడట. ఊరందరికీ ఒకే తీరు ఇల్లు కట్టే మేస్త్రి అవునవునని తల ఊపాడట. అన్న మాటకు ఎదురు చెప్పలేక నాన్న నేల చూశాడట.

“చాచా, గీ అంచులు కోసియ్యి. రేపు పొద్దుగాల పునాదికి ముగ్గు పోస్తరు. అమ్మ మల్ల గోడకు మొకం బెట్టుకొనే వండాలె.”

“కోస్త గని బిడ్డా, మీ పెదనాయినకు ఇంగ్లీషు నేర్పినోణ్ణి ముందుగాల దొర్కబట్టాలె” అన్నాను. ఏడుపులోనే నవ్వింది.

బండ మీద కాగితం పరిచి, ఇనుప స్కేలు ఆనించి, కత్తి పెట్టబోతుండగా వాళ్ల నాన్న లోపలికి వచ్చాడు. పని మీదనుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కనురెప్పల దాకా తెల్లటి బండ పొడి. ఏం కోస్తున్నావని అడిగాడు. చెప్పాను.

“ఏం రాసి ఉన్నది భాయ్ దాని మీద?”

“చదువుకునే పిల్లలు గీసింది అని.”

“నాలుగు దిక్కులనా?”

“నాలుగు దిక్కుల.”

తువ్వాలుతో రెండు చేతులూ తుడుచుకుని అప్పుడు కాగితం పట్టుకున్నాడు. నాలుగు అంచుల వెంటా వేలు పోనిచ్చాడు.

“మరి గండ్ల తప్పేమున్నది? నా బిడ్డ చదువుకుంటున్నదని నాలుగు దిక్కుల రాసిచ్చిండ్రు. నువ్వు గది కోసి పారేస్తనంటవేంది?” అని, కూతురి వైపు తిరిగి, “నిన్న అన్న ముంగట నోరు రాలె. రేపొస్తది” అన్నాడు.

కత్తి తీసి పక్కన పెట్టాను. కాగితం చుట్టి ఇచ్చాను.

మర్నాడు స్థలంలో కాగితం పరిచి, ఎగిరిపోకుండా బండ ముక్కలు పెట్టి, దాని ప్రకారమే మేస్త్రి చేత ముగ్గు పోయించాడట. పెదనాన్న అలిగి వెళ్లి, ఇల్లు లేచాక మాత్రం అలాంటి కిటికీయే తనకూ కావాలన్నాడట. ఒకసారి అటు పోతూ నేనే చూశాను. ఆ తల్లి కిటికీలో నిలబడి, ఒక చేత్తో పోపు వేస్తూ రెండో చేయి ఊపి వీధిలో ఎవరినో గట్టిగా కోప్పడుతోంది. ఎంత ముచ్చటేసిందో.

ఇప్పుడు అంచు మీద ఏ రాతా రాదు, మంచిదే, ఏ పెదనాన్నా వంక పెట్టడు. నక్షాలు రంగురంగులుగా ఫోన్‌లోనే వస్తాయి, నచ్చకపోతే వేలితో అలా తోసేస్తే పోతాయి. అంచులు కోయకుండా నేను చుట్టి ఇచ్చిన ఆ సాయంత్రం మాత్రం, మనుషులతో కిక్కిరిసిన షేర్ ఆటోలో, కూతురి కాగితం నలగకుండా పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద పెట్టుకుని పోయాడాయన. పెద్దేముల్ ఆటోలు నేటికీ అలాగే కిక్కిరిసి పోతుంటాయి. చూస్తూ ఉంటాను, ఎవరి చేతుల్లోనూ కాగితం ఉండదు.