దిబ్బూరహళ్ళిలో పగటి కరెంటు

మా చిన్నమ్మ సరోజమ్మ ఫోన్ చేసి, "మోటార్లకు పగలే కరెంటు ఇస్తాండారు, రా పాపా, చూద్దువు" అంది. బోరు మోటారు చూడ్డానికి బెంగళూరు నుంచి ఎవరైనా వెళ్తారా? నేను వెళ్ళాను. ఎందుకంటే ఆ రోజే ఆమె మల్బరీ తోట ఎవరి చేతిలో ఉంటుందో తేలబోతోంది. చిన్నాన్న పోయాక, రాత్రి పూట వచ్చే కరెంటు కోసం పాముల భయంతో ఒంటరిగా తోటకు పోలేక ఆమె నానా తంటాలు పడింది. తోటను గుత్తకు, అంటే కౌలుకు, ఇచ్చేయమని మరిది కృష్ణప్ప ఒకటే పోరు. ఆ రోజు పగటి కరెంటుతో తోటంతా తడవకపోతే అలాగే ఇచ్చేస్తానని ఆమె మాటిచ్చింది.

పొద్దున్నే చిక్కబళ్ళాపురం చేరి, శిడ్లఘట్ట మీదుగా దిబ్బూరహళ్ళికి బస్సు మారాను. మన రాష్ట్రం చిరునామా ఉన్న ఆధార్ చూపిస్తే సర్కారు బస్సులో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. అక్కణ్ణుంచి ఆటో. దారిలో వరసగా సోలార్ పలకలు కనబడగానే డ్రైవరు పెద్దాయన బండి నిదానం చేశాడు. "మా చిన్నప్పుడు కరెంటంటే వానేనమ్మా. డ్యాములు నిండకుంటే దీపం లేదు. తర్వాత బొగ్గు వచ్చె. ఇప్పుడు చూడు, ఎండ!"

"మబ్బు పడితే?"

"బొగ్గు, నీళ్ళు యాడికి పోయినాయమ్మా? అవీ ఆ లైన్లోనే ఉండాయి కదా!"

పదకొండుకు తోట చేరాను. కృష్ణప్ప గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "మబ్బొస్తే నీ ఎండ కరెంటు గోవిందా, వదినా. పొద్దుగూకేలోగా తోటంతా తడవకుంటే గుత్తే."

"తడిస్తే మళ్ళీ ఆ మాట ఎత్తగూడదప్పా" అంటూ చిన్నమ్మ స్టార్టర్ నొక్కింది. పైపులో నుంచి నీళ్ళు ఎగిరి దూకాయి.

రాగిముద్ద తింటుండగా ఆకాశం నల్లబడింది. కృష్ణప్ప మీసాల చాటున నవ్వుకున్నాడు. చిన్నమ్మ తినడం ఆపి మోటారు వైపే చెవి పెట్టింది. అది ఆగలేదు! మబ్బు విడిపోయేదాకా ఆడుతూనే ఉంది. తోట చివరనున్న కడసాలు తడిసేసరికి ఇంకా ఎండ ఉంది. కృష్ణప్ప గొంతు సవరించుకుని, "వదినా, మా పక్క లైనుకు ఇంకా రాత్రి కరెంటే ఉండాది. కరెంటాఫీసులో అడిగేదానికి నాతో వస్తావా?" అన్నాడు. చిన్నమ్మ పగలబడి నవ్వింది.

ఒకప్పుడు వాన తప్పితే ఈ ఊళ్ళలో పైరూ ఎండేది, కరెంటూ పోయేది. ఇన్నాళ్ళూ పైర్లు మాడ్చిన ఎండ చేతే చిన్నమ్మ నీళ్ళు తోడిస్తోంది. దేశం కరెంటు మారడమంటే అంకెల సంగతనుకునేదాన్ని. మా చిన్నమ్మ తోట ఆమెకే మిగలడమని ఆ రోజు తెలిసింది. నా గుండె పొంగిపోయింది. మీరు వెళ్తే ఒక జత బట్టలు ఎక్కువ పెట్టుకోండి. గెలిచిన సంతోషంలో చిన్నమ్మ నన్ను తోటలో నీళ్ళు పారే కాలవలోకి లాగేసింది. తిరుగు బస్సు ఆమె చీర కట్టుకునే ఎక్కాను.