చీనీ తోట తొట్టిలో మా షావుకారు ఈత

ఆ పొద్దు నేను అంగడి షట్టర్ ఎత్తితే షావుకారు సగమే లేచినాడు. ముందు కాళ్లు నిలబడినాయి, వెనక సగం నేలకు అతుక్కొని ఉండిపోయింది.

షావుకారు అంటే మా లాబ్రడార్ కుక్క. కడపలో మాది దుప్పట్లు, టవాళ్ల అంగడి. ఏడేండ్లుగా గల్లా పక్కన కదలకుండా కూర్చొని, వచ్చిన గిరాకీ చేతిలో బిస్కెట్ తినడమే వాడి ఉద్యోగం. అందుకే ఆ పేరు. రాత్రి అంగట్లోనే పడుకొని, పొద్దున షట్టర్ చప్పుడుకు మాత్రం లేచి వాకిట్లోకి వచ్చేవాడు. ఆ రోజు రాలేదు. బిస్కెట్ కోసం బేరం పెడుతున్నాడనుకొని ఒకటి ఇచ్చినాను. కదలకపోతే ఇంకొకటి ఇచ్చినాను. బేరంలో ఓడిపోతున్నానని బాధపడినానే గాని, వాడికి నొప్పి అని తట్టలేదు.

నా భార్య పద్మ వచ్చి చూసి, "బేరమూ లేదు, ఏమీ లేదు. మీ పొట్టే వానికీ వచ్చిండాది. మీరంటే కుర్చీలో కూర్చుంటారు, వాడు లేచి నిలబడాల గదా" అనింది.

అంగట్లోని డబుల్ దుప్పటిలో పడుకోబెట్టి, ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకుపోయినాము. డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, తుంటి దగ్గర వేలు పెట్టి చూపించినారు.

"హిప్ డిస్‌ప్లేసియా. అంటే తుంటి కీలు సరిగ్గా అమరలేదు. దానిమీద ఆర్థరైటిస్ వచ్చింది. వెయిట్ శానా ఎక్కువ, తొడల్లో మజిల్ లేదు."

"ఇంజెక్షన్‌తో పోదా మేడం?"

"ఇంజెక్షన్ నొప్పికి. కాళ్లకు బలం మీరే తేవాల. ఈత కొట్టించండి. నీళ్లలో కీలు మీద బరువు పడదు, మజిల్ పెరుగుతాది. ఒకటి రెండు నెలల్లో మార్పు లేకపోతే ఇంక లేచి నడిచేది కష్టం."

"నాలుగు నెలలు చేసుకోండి మేడం" అన్నాను, అలవాటు కొద్దీ.

"నాతో కాదు, దాని కాళ్లతో ఆడుకోండి ఆ బేరం."

కడపలో మనుషులకే నీళ్లు కరువు, కుక్క ఈతకు యాడ తెచ్చేది? కాలువలో దించుదామంటే ప్రవాహం ఉన్న నీళ్లు వద్దన్నారు డాక్టరమ్మ. అప్పుడు ఓబులేసు గుర్తుకొచ్చినాడు. నా దగ్గర ఎప్పుడూ టవాళ్లు కొనే రైతు, ఊరి బయట చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉంది. ఆ తోటలో రెండు రకాల నీళ్లు ఉన్నాయి: ప్లాస్టిక్ షీట్ పరిచిన పెద్ద ఫారం పాండ్, బోరు పక్కన మెట్లున్న సిమెంటు తొట్టి. పెద్దది కనపడితే నా చేయి అటే పోతుంది. ఫారం పాండ్ ఫోటో తీసి డాక్టరమ్మకు గొప్పగా పంపినాను. ఆమె వెంటనే ఫోన్ చేసినారు.

"అందులో దించొద్దు. ఆ షీట్ మీద గోళ్లు నిలవవు. దిగుతాడు సరే, ఎట్ల ఎక్కుతాడు?"

ఓబులేసును నేను దాని లోతు అడిగినాను, వెడల్పు అడిగినాను. ఎక్కే సంగతి అడగనే లేదు.

తొట్టి చూపించి ఓబులేసు, "ఎరువు కలపని నీళ్లే, దించుకో. అయితే నువ్వూ దిగాలప్పా. కుక్క మునిగితే నేను రాను, నాకు ఈత రాదు" అన్నాడు.

నాకు మాత్రం వచ్చా? మోకాలి లోతు దాటి నేను ఎప్పుడూ నీళ్లలో దిగినవాణ్ని కాదు. ఛాతీ లోతే అని ఓబులేసు ప్రమాణం చేస్తే దిగినాను. షావుకారుకు ఆన్‌లైన్‌లో తెప్పించిన లైఫ్ జాకెట్ ఉంది. నాకు పద్మ ఇచ్చిన ధైర్యం ఉంది: "మునిగితే అరవండి, గట్టు మీదనే ఉంటాను."

షావుకారు మొదటి మెట్టు మీద కూర్చొని దిగనన్నాడు. బతిమాలినాను. బంతి చూపించినాను. నీళ్లు చల్లి నవ్వించబోయినాను. మరుసటి రోజూ అదే కథ.

ఓబులేసు గట్టు మీద నుంచి, "ఏమప్పా, ఇంతగా బతిమాలుతాండావు. అంగట్లో నాకు ఎప్పుడన్నా ఇట్ల చేసినావా?" అన్నాడు.

ఆ మాటతో నా తల పనిచేసింది. నిజమే, అంగట్లో నేను ఎవరినీ బతిమాలను. బేరం కుదరకపోతే గిరాకీ వైపు వీపు తిప్పి, టవాళ్లు మడత పెట్టుకుంటాను. పోయినవాళ్లలో సగం మంది తిరిగొస్తారు. వెంటనే షావుకారుకు వీపు చూపించి, గోడ పట్టుకొని అవతలి కొసకు నడిచినాను. చేతిలో తడి టవాలు మడత పెడుతున్నట్టు నటించినాను కూడా.

వెనక దబ్బుమని చప్పుడు.

ముందు కాళ్లతో నీళ్లు చిలుకుతా వస్తున్నాడు. వెనక కాళ్లు మాత్రం రెండు తడి గుడ్డల మాదిరి వేలాడుతున్నాయి. టవాలు కడుపు కింద వేసి పైకి పట్టుకున్నాను. ఒక చుట్టు తిప్పినాను. రెండో చుట్టులో నా పొట్టలో ఒక తన్ను తగిలింది. వెనక కాలు.

"పద్మా, తన్నినాడే" అని అరిచినాను. ఆమె నేను మునిగిపోతున్నాననుకొని చీరతోనే దిగింది. ఆమెకూ ఒక తన్ను తగిలింది. ఇద్దరం తడిసి నిలబడి, కుక్క తన్నినందుకు పండగ చేసుకున్నాము.

ఆ తరువాత రోజు మార్చి రోజు పోయినాము. కొన్ని నిమిషాలు ఈత, ఆయాసపడితే మెట్టు మీద విశ్రాంతి, బయటికి వచ్చినాక చెవులు పొడిగా తుడవడం. బిస్కెట్లు బంద్. ఆనక ఓబులేసు మోటరు కాలిపోయింది. తొట్టి ఎండిపోయింది. "చెట్లకే లేవప్పా నీళ్లు" అన్నాడు, వాణ్ని ఏమనేది? షావుకారు మళ్లా బిగుసుకుపోయినాడు. పొద్దున షట్టర్ ఎత్తడానికే నాకు భయమయ్యేది. మోటరు బాగై నీళ్లు పడిన రోజు, మోటరు చప్పుడు విని వాడు ఆటోలోనే మొరుగుతా కాళ్లాడించడం మొదలుపెట్టినాడు. తోటకు మేము చేరకముందే సగం ఈత అయిపోయింది వాడికి.

ఒక పొద్దు షట్టర్ ఎత్తి, తాళం జేబులో వేసుకొని తిరిగితే, వాడు వాకిట్లో నిలబడి ఉన్నాడు. నాలుగు కాళ్ల మీద. నేను గల్లా దగ్గరికి పోకుండా ఆడనే కూర్చున్నాను.

డాక్టరమ్మ తొడ పట్టి చూసి, "మజిల్ వచ్చింది. ఆర్థరైటిస్ పోదు, ఈత ఆపొద్దు" అన్నారు. ఆపమన్నా వాడు ఆపడు. ఇప్పుడు అది మందు కాదు, ఆట. బంతి వేస్తే నాకన్నా ముందు దూకుతాడు.

కుక్కను ఈతకు తీసుకుపోయేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. నీళ్లు ఎంత ఉన్నాయని కాదు, అది తనంతట తాను ఎక్కి రాగలిగే దారి ఉందా అని ముందు చూడండి. మెట్లు లేకపోతే దించొద్దు. దిగిన మొదటి రోజే ఆ మెట్లు దానికి రెండు మూడుసార్లు చూపించండి.

మావాడికి మెట్లు బాగా తెలుసు. చీకటి పడుతోంది, రారా అని ఆ మెట్ల మీద నిలబడి నేను బతిమాలుతుంటే, నాకు వీపు తిప్పి అవతలి కొసకు ఈదుకుంటా పోతాడు.