కంపెనీ రాయని జవాబు

పధ్నాలుగేళ్లుగా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు తెలియదు. మా అమ్మకు తెలియదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా ఈ మాట దగ్గరికి వచ్చేసరికి పక్కకు తప్పుకుని, పిల్లల ఆరోగ్యం గురించో బదిలీ గురించో మొక్కుకుని వచ్చేసేదాన్ని. మోయగలననే అనుకున్నాను. కానీ నేను టీచర్‌ని. క్లాసులో ఎవడో హోంవర్కు విషయంలో అబద్ధమాడి దొరికిపోతాడు. మందలించబోతాను. ఆగిపోతాను. నాకేం హక్కుంది?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. బీఎడ్ అయిపోయి, తిరువూరు బస్టాండుకు ఎదురుగా ఉన్న ఒక నెట్ సెంటర్లో పనిచేసేదాన్ని. దరఖాస్తులు టైపు చేయడం, హాల్ టికెట్లు తీసివ్వడం, జిరాక్సులు. టీచర్ పోస్టుల నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నాను. ఇదిగో వస్తుంది అనేవారు. వాయిదా పడేది. మళ్లీ ఇదిగో అనేవారు. ఇంటికి వెళ్తే నాన్న చెప్పులు విప్పనివ్వకుండానే "ఏమన్నా తెలిసిందా?" అని అడిగేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

ఆ రోజుల్లోనే మార్తమ్మ గారు వచ్చారు. అది ఆమె అసలు పేరు కాదు. గంపలగూడెం మండలంలోని వినగడపలో అంగన్‌వాడీ టీచరు. చేతిసంచిలోంచి మడతలు పడిన పేపరు ముక్క తీసి నా ముందు పెట్టారు. అమెరికాలో ఒక కంపెనీ పలక లాంటి కంప్యూటర్ తయారుచేసిందని, మాట రాని పిల్లాడొకడు దాని మీద బొమ్మలు తాకుతూ తనకేం కావాలో మొదటిసారి వాళ్లమ్మకు చెప్పాడని అందులో ఉంది. మార్తమ్మ గారి అమ్మాయి ప్రసన్నకు తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే కాళ్లూ చేతులూ బిగుసుకుపోయాయి. అన్నీ వింటుంది, అన్నీ తెలుసు, నాలుక మాత్రం తిరగదు. కుడిచేతి చూపుడువేలు ఒక్కటి చెప్పినట్టు వింటుంది.

"ఆ వేలు చాలుగా అమ్మా దీనికి. ఇది మన దేశానికి ఎప్పుడొస్తదో కాస్త చూసి చెప్తావా?" అన్నారు ఆమె.

చూశాను. అమెరికాలో అనుకున్నదానికన్నా ఎక్కువ అమ్ముడుపోతోందని, బయటి దేశాలవాళ్లు ఇంకో నెల ఆగాలని కంపెనీ వెబ్‌సైటులో ఉంది. అదే చెప్పాను. నెల గడిచింది. కొన్ని దేశాల పేర్లు పెట్టారు. మనది లేదు. తర్వాత ఇంకొన్ని పెట్టారు. వాటిలోనూ లేదు. ఆమె మాత్రం ప్రతి శనివారం అంగన్‌వాడీ మూసేసి ఆటో ఎక్కి వచ్చేవారు. కట్లేరు వాగు పొంగి ఆటోలు ఆగిపోయిన వారం కూడా చుట్టు తిరిగి, చీర కుచ్చిళ్లు బురదతో వచ్చారు. గుమ్మంలో నిలబడి అడిగేది ఒక్కటే మాట. "ఏమన్నా తెలిసిందా అమ్మా?"

నాన్న మాటే. అచ్చం అదే మాట.

వాళ్లిద్దరి మీదా కోపం ఎందుకొచ్చేదో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. నాకు తెలియని జవాబును నా దగ్గర అడిగేవారు. ఆ కంపెనీకీ మనం అక్కర్లేదు, నోటిఫికేషన్ ఇచ్చేవాళ్లకీ నేను అక్కర్లేదు. నేను ఆ చేదు మింగి ఊరుకుంటున్నాను కదా, ఈమె ఎందుకు ఊరుకోదు? వారం వారం కొత్త ఆశతో ఎలా వస్తుంది? ఆమె ఆశ నాకు చిరాకు పుట్టించింది. ఇంత సిగ్గుమాలిన మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఒక శనివారం ఆమె కంపెనీకే ఉత్తరం రాయమన్నారు. తెలుగులో చెప్తారట, నేను ఇంగ్లీషులో పెట్టి పంపాలట. కుర్చీ దగ్గరికి లాక్కుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చెప్పారు. "అయ్యా, మా అమ్మాయికి అన్నీ తెలుసు. చెప్పలేదు, అంతే. మీ పలక మా దేశానికి ఎప్పుడొస్తుందో ఒక తేదీ చెప్పండి. ఎంత దూరమైనా ఫరవాలేదు. తేదీ తెలిస్తే ఓపిక పడతాం."

ఆమె వెళ్లాక టైపు చేశాను. పంపబోతే వెబ్‌సైటు ముందు దేశం ఎంచుకోమంది. ఆ జాబితాలో మన దేశం లేదు. ఇంకో దేశం పేరు పెట్టినా పోయేదేమో. ఇంకో దారి వెతికితే దొరికేదేమో. వెతకలేదు. మూసేశాను. వచ్చే వారం ఆమె అడిగితే "పంపానండి" అన్నాను.

మొదటి అబద్ధం అది. దాన్ని మీరు క్షమించగలరేమో. రెండోది వినండి.

నోటిఫికేషన్ మీద ఎవరో కోర్టుకు వెళ్లారని, అంతా ఆగిపోయిందని తెలిసిన రోజు శనివారం. పొద్దున్నే నాన్నతో మాటా మాటా అనుకుని వచ్చాను. సాయంత్రం ఆమె వస్తుంది, జవాబు వచ్చిందా అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఇంకొక్కసారి వినలేననిపించింది. సెంటర్లో ఎవరూ లేరు. కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ కంపెనీ గుర్తును వెబ్‌సైటులోంచి తీసి కాగితం పైన పెట్టి, కింద నా ఇంగ్లీషులో జవాబు రాశాను. మీ అమ్మాయి లాంటి పిల్లలకు మా పరికరం పనికిరాదు అని. అంతటితో ఆపవచ్చు. ఆపలేదు. పనికిరాదంటే ఈమె ఇంకో కొత్తది వస్తుందేమో చూడమంటుంది. భయపెడితే ఇంక అడగదు. అందుకని, దాని వెలుతురు పడితే ఇలాంటి పిల్లలకు ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, దగ్గరికి రానివ్వకండి అని కూడా చేర్చాను. కింద ఏదో తెల్లవాళ్ల పేరు పెట్టాను. ప్రింటు తీశాను. పది నిమిషాల పని.

సాయంత్రం ఆమె వచ్చారు. నాకోసం ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పొట్లం కట్టుకుని తెచ్చారు.

"జవాబొచ్చిందండి," అన్నాను.

ఆమె ముఖం చూడలేదు నేను. కాగితం చూస్తూ తెలుగులో చదివి చెప్పాను. మొత్తం చదివాను. ఫిట్స్ దగ్గర కూడా గొంతు తడబడలేదు.

ఆమె కాగితం వైపు వంగి చూశారు. తర్వాత అడిగారు. "పిల్లని చూడకుండానే ఎట్లా చెప్పారమ్మా?"

"వాళ్లకి అనుభవం ఉంటుంది కదండీ. ఎంతమందిని చూసుంటారో."

"అంతేలే. చేసినోళ్లకి తెలీకుండా ఉంటదా." కాగితం చేతిలోకి తీసుకున్నారు. "ఇది నేనుంచుకోవచ్చా?"

"మీదేనండి."

"పోన్లే, నిజం చెప్పారు. తెలీక తెచ్చిపెట్టుంటే పిల్లకేమయ్యేదో." లేచారు. "నీకు చాలా శ్రమిచ్చానమ్మా."

వెళ్లిపోయారు. మళ్లీ ఏ శనివారమూ రాలేదు. ఆ శనక్కాయలు తిన్నానా? తిన్నాను. అది బాగా గుర్తుంది.

కొన్ని నెలలకు ఆ పలక మన దేశానికి వచ్చింది. పేపర్లో సగం పేజీ ప్రకటన. దాన్ని మడిచి కౌంటరు కింద పెట్టాను. వినగడప ఎంత దూరం? ఆటో ఎక్కితే ఆ రోజే వెళ్లి చెప్పేయవచ్చు. నేను రాసింది అబద్ధమండీ, కొనండి అని ఒక్క మాట. వచ్చే వారం వెళ్దామనుకున్నాను. ఎన్ని వారాలు అలా అనుకున్నానో. ఆమెను వారం వారం వాయిదా వేసిన కంపెనీ మీద విసుక్కున్నదాన్ని నేనే కదా.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది. రెడ్డిగూడెం మండలంలో పోస్టింగు. పెళ్లి, పిల్లలు. మరిచిపోయాననే అనుకున్నాను.

నాలుగేళ్ల కింద మాకు ఒక శిక్షణ పెట్టారు. బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లి చదువు చెప్పే ఒక మాస్టారు వచ్చి, ట్యాబ్‌లో బొమ్మలు తాకి ఆ పిల్లలు ఎలా మాట్లాడతారో చూపించారు. మాటల్లో ఒక సంగతి చెప్పారు. గంపలగూడెం మండలంలో ఒక తల్లి ట్యాబును గుమ్మం దాటనివ్వడం లేదట. పిల్లకు ఫిట్స్ వస్తాయని కంపెనీవాళ్లే రాశారంటూ ఒక కాగితం చూపిస్తోందట. ప్లాస్టిక్ కవర్లో పెట్టి పదేళ్లుగా దాచుకుందట.

"ఎవడో ఆకతాయి రాశాడండి. ఆ ఇంగ్లీషులో కూడా తప్పులే," అన్నారు మాస్టారు.

హాల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పక్కనున్న టీచర్ వైపు తిరిగి మరీ నవ్వాను. ఎందుకు నవ్వానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూ ఉంటాను. నవ్వకపోతే ఎవరైనా నన్ను గమనిస్తారనా? ఉత్తరం రాసినప్పుడు చిన్నదాన్ని, విసుగులో ఉన్నాను అని సర్దిచెప్పుకోవచ్చు. ఈ నవ్వుకు ఏం చెప్పుకోను?

మరుసటి ఏడాది అదే మాస్టారు కనిపిస్తే, ఏమీ ఎరగనట్టు ఆ అమ్మాయి సంగతి అడిగాను. ఎన్నోసార్లు వెళ్లగా వెళ్లగా తల్లి చివరికి ఒప్పుకుందన్నారు. మాస్టారు మొదట ట్యాబును తన ఒళ్లోనే పెట్టుకుని పిల్లకు చూపించారట. పిల్ల రెండు నెలల్లో నేర్చుకుందట.

"మొదట ఏం చెప్పిందో తెలుసా మేడం? మంచం అటు తిప్పమంది. గోడ వైపు ఉంటుంది ఆ పిల్ల ముఖం. ఎండ కళ్లల్లో పడుతుందని వాళ్లమ్మ చిన్నప్పుడు అలా వేసిందంట. తనకేమో వీధి చూడాలని. ఇన్నేళ్లూ చెప్పలేకపోయింది."

పదేళ్లకు పైగా. మంచం తిప్పడానికి ఎంతసేపు పడుతుంది?

పోయిన సంవత్సరం వేసవి సెలవుల్లో వినగడప వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను. బస్సులో మాటలు కూడా వరసగా పేర్చుకున్నాను. మార్తమ్మ గారు నన్ను వెంటనే గుర్తుపట్టారు. కుర్చీ వేశారు. టీ పెట్టారు. నేను నోరు తెరవకముందే ఆమే ఎత్తుకున్నారు.

"ఆ ఉత్తరం దొంగదంటమ్మా. కంపెనీ పేరు పెట్టి ఎవరో మోసం చేశారంట. పాపం, నీకేం తెలుసు. నన్ను మోసం చేసినట్టే నిన్నూ మోసం చేశారు."

అవునన్నాను. ఎదురుగా కూర్చుని, ఆమె ఇచ్చిన టీ తాగుతూ, అవునండి అన్నాను.

ప్రసన్న వీధి వైపు తిప్పి ఉన్న మంచం మీద, దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పెద్ద కళ్లు. నా వైపే చూస్తోంది. ఒళ్లో ట్యాబు. బొమ్మలకు మాటలు మార్తమ్మ గారి గొంతుతోనే రికార్డు చేశారట. ఆ అమ్మాయి వేలు మెల్లగా కదిలి ఒక బొమ్మ మీద ఆగింది. తల్లి గొంతు వినిపించింది.

"ఎవరు?"

"టీచరమ్మ," అన్నారు మార్తమ్మ గారు. "అప్పట్లో మనకోసం చాలా శ్రమపడిందిలే."

ప్రసన్న నా మీంచి చూపు తిప్పలేదు. మళ్లీ అదే బొమ్మ తాకింది. "ఎవరు?"

బస్సుకు వేళయిందని లేచి వచ్చేశాను.

ఆ తల్లి ముందు చెప్పే ధైర్యం ఇంకా లేదు. ఎప్పటికైనా వస్తుందో లేదో తెలియదు, వస్తుందని మీకు మాటివ్వను. మీరు నన్ను క్షమించాల్సిన పని లేదు. అది మీ చేతుల్లో లేదు కూడా. కానీ ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు నా లోపల ఉండి ఉండి కుళ్లిపోతోంది. ఒక్కసారైనా బయట పెట్టాలి.

ఆ ఉత్తరం రాసింది నేను, ప్రసన్నా. మీ అమ్మకు చదివి వినిపించిందీ నేనే.