బుల్లిబాబుగారి నాలుకల తనిఖీ

ఎదుటి మనిషి నాలుక చూడనిదే బుల్లిబాబుగారికి తెల్లారదు.

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ తణుకులో రోడ్లు భవనాల శాఖ ఫైళ్లు తనిఖీ చేశారాయన. రిటైరై మణికొండ వచ్చాక కొన్నాళ్లు ఊరికే కూర్చున్నారు. ఈ వానాకాలం మొదట్లో ఉన్నట్టుండి నాలుకల మీద పడ్డారు. పొద్దున్నే ఒక చేతిలో బీట్‌రూట్ రసం జగ్గు, రెండో చేతిలో గ్లాసుల బుట్ట. ఏ ఫ్లాటు తలుపు తెరుచుకున్నా గ్లాసు లోపలికి, నాలుక బయటికి.

"ఏదండీ, నాలిక? ఆ... భేష్! పండింది."

పండకపోతే ఇంకో గ్లాసు.

లిఫ్టు కూడా వదల్లేదు. మెడలో ఆఫీసు కార్డులు వేసుకుని, చెవిలో మీటింగులు వింటూ కిందికి దిగే పిల్లలందరూ మూడో అంతస్తు దగ్గర నోళ్లు తెరవాల్సిందే. వాచ్‌మన్ రాములు ఒకరోజు గేటు దగ్గర మొత్తుకున్నాడు.

"ఏంది సార్ గిది! పొద్దుగాల పొద్దుగాల నాల్క సాపమంటరు. నేనేమన్న కాళికమ్మనా?"

"కాళికమ్మకి రోజూ బీట్‌రూట్ ఇచ్చేవాళ్లు ఎవరున్నారు రాములూ? నీకు నేనున్నాను. సాపు!"

రాములు సాపాడు.

ఎందుకింత పట్టుదల అంటే, బీట్‌రూట్‌కి ఎరుపునిచ్చే రంగు ఉంది కదా, బీటాలెయిన్ అంటారట, దాన్ని బుల్లిబాబుగారు తమ వైపు పెద్దముత్తయిదువ ఎవరో అన్నట్టు మాట్లాడేవారు.

"బీటాలెయినమ్మ చాలా సున్నితమండి. వేడి పడదు. ఎక్కువ ఉడికించారా, అలిగి వెళ్లిపోతుంది. నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి, మళ్లీ మొహం కళకళలాడుతుంది. ఒంట్లో తుప్పు పట్టనివ్వదు. వాపులు కూడా తగ్గిస్తుందేమోనని చూస్తున్నారు."

"బీపీకి మంచిదట కదండీ?" అని ఎవరైనా అడిగితే గంభీరంగా తల అడ్డంగా ఊపేవారు. "అది ఈవిడ పని కాదండి. అదే దుంపలో కాపరమున్న నైట్రేట్లవారిది. ఒకరి పేరు ఇంకొకరికి కట్టబెట్టకూడదు."

"అయితే ఖాయంగా పనిచేస్తుందంటారా?"

"పరిశోధన జరుగుతోందండి! ఈలోగా మీరు నాలిక చూపించండి."

ఈ గోలంతా ఎదురు ఫ్లాటులో జయంతికి తలుపు వెనకనుంచి వినబడుతూనే ఉండేది. నవ్వే ఓపిక లేదు, విసుక్కునే ఓపికా లేదు. భర్త వెంకటనారాయణ ఎండల్లో పోయాడు. వానలు వచ్చేసినా ఆమె ఒళ్లు మాత్రం ఆ ఎండల్లోనే ఉండిపోయినట్టు ఉండేది. లేవాలంటే అలుపు, స్నానమంటే అలుపు. వంట ఒక్కటీ ఆగలేదు. అలవాటైన చేతులు వాటంతట అవే కుక్కర్ పెట్టేవి, పోపు వేసేవి. తినడం మాత్రం చేతుల పని కాదు కదా. నోట్లో పెట్టుకుంటే ముద్ద అక్కడే కూర్చునేది.

కూతురు కావ్య నానక్‌రామ్‌గూడ ఆఫీసునుంచి మధ్యాహ్నం ఫోన్ చేసేది. "తిన్నావా అమ్మా?"

"తిన్నానే."

పక్కవాళ్లు అడిగినా అదే మాట. తిన్నానంటే ఇంక ఎవరూ ఏమీ అడగరు. ఆ మాట ఎంత సుఖంగా ఉండేదో. గిన్నెలో అన్నం గిన్నెలోంచి తడిచెత్త బకెట్‌లోకి పోయేది. బకెట్ గుమ్మం బయట ఉండేది.

బుల్లిబాబుగారు ఆ తలుపూ కొట్టారు. అయితే ఓ చిత్రం. ఎదురెదురు గుమ్మాలు, ఆయన అడుగు బయట పెడితే మొదట తగిలేది జయంతి తలుపే. అయినా అపార్ట్‌మెంటంతా తిరిగి ఆఖర్న అక్కడికి వచ్చేవారు. వచ్చేసరికి రోజూ జగ్గు ఖాళీ.

"అయ్యో, మీ వరకూ వచ్చేసరికి రసం అయిపోయిందండీ జయంతిగారూ. మిగిలిన తురుము మా ఆవిడ పెరుగన్నంలో కలిపేసింది. ఏమీ అనుకోకండి."

స్టీలు గిన్నెలో గులాబీరంగు పెరుగన్నం. పైన ఆవాలూ కరివేపాకూ.

"తర్వాత తింటానండి."

"తినండి తినండి, తొందరేం లేదు. నేనిక్కడే పేపరు చదువుకుంటాను. నాలిక చూస్తేగానీ లెక్క పూర్తి కాదు కదండి, ఆఫీసు అలవాటు."

గుమ్మం పక్కన మెట్ల మీద కూర్చుని పేపరు విప్పేవారు. చదివిన పేజీయే మళ్లీ చదివేవారు. ఆయన్ని లేపడానికైనా నాలుగు ముద్దలు మింగి, తలుపు సందులోంచి జయంతి నాలుక చూపించేది. "తిన్నాను" అని నోటితో ఎవరికైనా చెప్పొచ్చు. రంగు పండని నాలుకతో చెప్పలేం. ఛాదస్తపు మనిషి, ఎలా వదులుతాడు రా దేవుడా అనుకునేది.

వదిలించే పని ఆదర్శ్ చేశాడు. నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే కుర్రాడు, హైటెక్ సిటీలో ఉద్యోగం. ఓ శుక్రవారం ఆఫీసు బాత్రూమ్‌లో కిందికి చూసుకుని, ఎర్రగా కనబడేసరికి గోడ పట్టుకున్నాడు. అట్నుంచి అటే క్యాబ్‌లో దవాఖానాకి. దారిలో ఊళ్లో అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాడు, టీమ్ లీడర్‌కి మెసేజ్ పెట్టి వీడ్కోలు చెప్పాడు. రక్తం తీశారు, స్కానింగ్ తీశారు. అన్నీ అయ్యాక డాక్టరు తీరిగ్గా అడిగాడు.

"ఉదయం ఏం తీసుకున్నారు?"

బీటాలెయినమ్మ అందరి ఒంట్లోనూ కాపరం పెట్టదట. కొందరిలోంచి వచ్చిన దారిన అలాగే వెళ్లిపోతుందట. అందులో ప్రమాదమేమీ లేదట. ఆ సంగతి బుల్లిబాబుగారు అందరికీ చెప్పారు, ఆదర్శ్ ఒక్కడికే వినబడలేదు. అతను ఎప్పుడూ చెవిలో మీటింగుతో ఉండేవాడు మరి.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఆదివారానికి సెల్లార్‌లో మీటింగ్ పెట్టింది. అప్పటిదాకా జగ్గు కదలకూడదన్నారు.

శనివారం పొద్దున జయంతి తలుపు ఎవరూ కొట్టలేదు. అమ్మయ్య అనుకుంది. కాసేపటికి కడుపులో ఏదో కదిలినట్టయింది. నొప్పేమో అనుకుంది. ఆకలి. ఎన్నాళ్లకో వచ్చిన చుట్టంలా వచ్చి, పెట్టేవాళ్లు లేక వెళ్లిపోయింది. ఆదివారమూ అంతే. ఆమె రెండుసార్లు తలుపు తీసి మెట్లవైపు చూసింది. పేపరు లేదు, మనిషి లేడు. చెప్పులు వేసుకుని, వెంకటనారాయణ పోయిన తర్వాత మొదటిసారి సెల్లార్‌లోకి దిగింది.

బుల్లిబాబుగారు కుర్చీ అంచున చేతులు కట్టుకుని కూర్చున్నారు. అసోసియేషన్ ప్రెసిడెంట్ నవనీత మాట్లాడుతోంది.

"అంకుల్, మీరంటే మాకు గౌరవమే. కానీ పొద్దున పొద్దున తలుపులు కొట్టుడు, నాలుకలు చూసుడు, జర ఎక్కువైతున్నది. పిల్లగాడు ఎంత పరేషానైండు! అసలెందుకు చేస్తున్నరు చెప్పండి."

"నాకదో పిచ్చండి. మానేస్తాను."

అంతే. బీటాలెయినమ్మ ఊసు లేదు, పరిశోధన ఊసు లేదు. ఆయన భార్య పుణ్యవతి జయంతి పక్కకి జరిగి, పళ్లు కొరుకుతూ గొణిగింది.

"పిచ్చిట పిచ్చి! ఆయనకి బీట్‌రూటంటే అసలు పడదమ్మా. ముక్కుకి తువ్వాలు కట్టుకుని తురుముతారు. ఒకరోజు మీ గుమ్మం ముందు బకెట్‌లో వండిన అన్నం వండినట్టే చూశారు. 'ఆవిడొక్కదాన్నే తిన్నారా అని అడిగితే చిన్నబుచ్చుకుంటుందే, అందర్నీ అడుగుదాం' అన్నారు. చెప్పొద్దని నాతో ఒట్టు కూడా వేయించుకున్నారు. చెప్పేశాను, ఏం చేస్తారో చెయ్యనీ."

జయంతి లేచి నిలబడింది. ఆమెని బయట చూసి చాలా రోజులైందేమో, అందరూ ఇటు తిరిగారు. ఏం చెయ్యాలో తోచక, అలవాటైన పనే చేసింది. నోరు తెరిచి నాలుక చాపింది.

అలవాటుకొద్దీ బుల్లిబాబుగారు కుర్చీలోంచి ముందుకి వంగి చూశారు.

"తెల్లగా ఉంది కదండీ," అంది. "నిన్నటినుంచీ ఇలాగే ఉంది. ఆయన రాకపోతే నేను తిననండి. మీ అందరి నాలికలూ నా ఒక్కదాని కోసం చూశారు. నాకూ ఇప్పుడే తెలిసింది."

బుల్లిబాబుగారు పుణ్యవతి వైపు గుర్రుగా చూశారు. ఆవిడ పైన పైపులు లెక్కపెడుతోంది. నవనీత కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. అందరికంటే ముందు ఆదర్శే గొంతు సవరించుకున్నాడు.

"అంకుల్, మీరు రండి. కానీ... బాత్రూమ్ సంగతి ముందే చెప్పాల్సింది అంకుల్!"

"చెప్పానయ్యా, నీ చెవిలో ఖాళీ ఏదీ?"

"ఇగ అయిపాయె," అన్నాడు రాములు వెనకనుంచి. "రేపటికెల్లి మళ్ల కాళికమ్మనే."

మర్నాడు పొద్దున జగ్గు బయల్దేరకముందే బుల్లిబాబుగారి తలుపు చప్పుడైంది. గుమ్మంలో జయంతి. రెండు చేతుల్లో రెండు గిన్నెలు. వేళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి. ఎన్నాళ్లకో తన కోసం తనే కలుపుకున్న పెరుగన్నం.

"ఏదండీ, నాలిక?" అంది.

ఆయన తెల్లబోయి చూపించారు. అదీ తెల్లగానే ఉంది.

"తినండి."

"జయంతిగారూ... నాకా వాసన... అసలు దీని మీద ఇంకా పరిశోధన జరుగుతోందండి..."

"జరగనివ్వండి. నేనిక్కడే కూర్చుంటాను. తొందరేం లేదు."

ఆమె మెట్ల మీద కూర్చుని, తన గిన్నె ఒళ్లో పెట్టుకుని, ఆయన పేపరు విప్పింది. బుల్లిబాబుగారు భుజం మీది తువ్వాలు ముక్కుకి కట్టుకుని, దాన్ని కాస్త పైకెత్తి, మొదటి ముద్ద పెట్టుకున్నారు.