గ్రాఫు మీద జారిన ఆరు చుక్కలు

నా చిన్నప్పుడు కాశిబుగ్గలోని మా ఇంట్లో గ్రాఫు కాగితానికి రెండు పనులుండేవి. మా తాతయ్య దాని మీద జంపఖానాల డిజైన్లు గీసేవాడు. మా చిన్నాయన నక్షత్రాల వెలుతురు గీసేవాడు.

తాతయ్య డిజైన్లలో గడులు నింపే పని నాది. అప్పుడు నాకు పదేళ్ళు. ఒక్క గడి వరుస తప్పినా మగ్గం మీద పువ్వు వంకర పోతుందనీ, తప్పు కనబడగానే రబ్బరుతో తుడిచి సరిచేయాలనీ ఆయన నా తలలో బాగా ఎక్కించాడు. సరిచేస్తే మెచ్చుకోలు, చూడకుండా వదిలేస్తే మొట్టికాయ.

చిన్నాయన హైదరాబాదులో పరిశోధన చేసేవాడు. పెద్ద నక్షత్రాన్ని అంటిపెట్టుకుని తిరిగే మరీ చిన్న నక్షత్రాలు కొన్ని ఉంటాయట. టెలిస్కోపులో చూసినా రెండూ ఒక్కటిగానే కనబడతాయట. చిన్నది పెద్దదానికి అడ్డం వచ్చినప్పుడు మాత్రం వెలుతురు జరంత తగ్గుతుంది. ఆ తగ్గడాన్ని పట్టుకోవడానికి ఆయన రెండు చలికాలాలు నిద్ర మానుకున్నాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది ఒక్కటే. ఆ గ్రాఫు బాగుంటే ప్రొఫెసరు ఆయనకు ఇంకో ఏడాది టెలిస్కోపు ఇస్తాడు, లేకపోతే వేరేవాళ్ళకు ఇస్తాడు. ఇంట్లో అందరం ఆ మాటే అనుకునేవాళ్ళం.

ఆ గ్రాఫు గీసుకోవడానికి ఇంటికొచ్చాడు, తెల్లవారితే ప్రొఫెసరు దగ్గరికి రైలు. ఆ ముందురోజు మధ్యాహ్నం అన్నం తిని చిన్నాయన పడుకున్నాడు. గ్రాఫు పీట మీద ఉంది. పెన్సిలు చుక్కలు ఒక్క వరుసలో బారుగా పోతున్నాయి, మధ్యలో ఆరు మాత్రం కిందికి జారాయి. పాపం, నిద్రమత్తులో తప్పు పెట్టాడనుకున్నాను. మరక పడకుండా తుడిచి ఆరింటినీ వరుసలోకి తెచ్చాను. ఆయన లేచి, చూడకుండానే కాగితం చుట్టి సంచిలో పెట్టుకుంటే మెచ్చుకోలేదని చిన్నబుచ్చుకున్నాను కూడా.

మూడో రోజు తిరిగొచ్చాడు. పదిమందిలో గ్రాఫు పరిస్తే, రెండో నక్షత్రం ఎక్కడుందయ్యా అని ప్రొఫెసరు అడిగాడట, అందరూ నవ్వారట. లెక్కలు రాసుకున్న నోటుబుక్కు ఇంట్లోనే ఉండిపోయింది. టెలిస్కోపు ఆ రోజే ఇంకొకరికి పోయింది, ఇక నోటుబుక్కు చూపించినా తిరిగి రాదు. ఆయన నోటుబుక్కు తీసి గ్రాఫుతో పోల్చి చూశాడు, రబ్బరు జాడ కనబడింది. ఎవరు ముట్టిన్రు అని అడిగితే, "నేనే చిన్నాయనా, సరిచేసిన" అన్నాను గర్వంగా. కొడతాడని నాకు తోచనే లేదు, ఆయన కొట్టనూ లేదు. "మంచిది బిడ్డా" అని లేచి పోయాడు.

మర్నాడు పొద్దున పళ్ళేలు పెడితే నాకు పళ్ళెం లేదు. అడిగితే అమ్మ చిన్నాయన వైపు చూసి ముఖం తిప్పుకుంది. ఆయన పిల్లల్ని లెక్కపెట్టాడు. అక్క, ఇద్దరు తమ్ముళ్ళు. "ముగ్గురే గద" అన్నాడు. నేను ఎప్పుడూ అక్కను పట్టుకునే తిరిగేదాన్ని. అక్క తెల్లగా ఉండేది, పాటలు పాడేది, వచ్చినవాళ్ళంతా అక్కనే పలకరించేవాళ్ళు. ఆ రోజు చెయ్యి పట్టుకుంటే ఈగను దులిపినట్టు దులిపేసింది. తర్వాత నేను లేనట్టు నటించే ఆ ఆట దానికి నచ్చింది. నా జాగాలో కూర్చుంది, నా రిబ్బను కట్టుకుంది. నేను ఏడ్చుకుంటూ చిన్నాయన చొక్కా గుంజితే, "గాలి గొడ్తాంది, తలుపు పెట్టు" అన్నాడు అక్కతో. అమ్మ కళ్ళు తడిగానే ఉన్నాయి. కానీ అంత పోగొట్టుకున్న మరిదికి ఎదురు చెప్పలేకపోయింది. మధ్యాహ్నానికి నేను ఉన్నానో లేనో నాకే అనుమానం వచ్చి చెయ్యి గిచ్చుకున్నాను.

తాతయ్య పొద్దున్నే నూలు కోసం బజారుకు పోయాడు, ఈ సంగతేదీ ఆయనకు తెలియదు. వచ్చి మగ్గంలో కూర్చున్నాడు. నేను పోయి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన తల ఎత్తలేదు. "ఎవలే అది, ఎల్తురుకు అడ్డమున్నది? జర పక్కకు జరుగు" అని కసిరాడు. తిట్టు విని అంత సంతోషపడింది నా బతుకులో ఆ ఒక్కసారే. జరగలేదు. అక్కడే బావురుమన్నాను.

గడపలో నిలబడ్డ చిన్నాయన అప్పుడు నాతో మాట్లాడాడు. "ఆ చిన్న నక్షత్రం గూడ గట్లనే కనబడ్తది బిడ్డా, ఎల్తురుకు అడ్డమొస్తెనే. గంతే కనబడ్తది. నువ్వు గదే తుడిచినవ్." ఆయన ముఖంలో గెలిచిన గర్వమేమీ లేదు. అమ్మ పరుగున పళ్ళెం తెచ్చింది.

చిన్నాయన మళ్ళీ పరిశోధనకు పోలేదు. బళ్ళో లెక్కలు చెప్పుకుని బతికాడు, పోయేదాకా నా ముందు గ్రాఫు కాగితం విప్పలేదు. నేను క్షమించమని అడగలేదు, ఆయనా అడగలేదు. పదేళ్ళ పిల్లకు అట్లా చేయొచ్చా అంటే చేయకూడదు. నాకు ఇప్పటికీ కోపమే. అక్కకైతే ఆ రోజు గుర్తే లేదట.

తర్వాత నేను ఎందరో ఆడపిల్లలకు డిజైన్లు నేర్పాను. వరుస తప్పిన గడి కనబడితే రబ్బరు తీయకండి, పెట్టినవాళ్ళను ముందు అడగండి అని చెప్పేదాన్ని. అంతవరకు చిన్నాయన నేర్పింది మంచిదే. ఇంకొకటి కూడా నేర్పాడు. పెళ్ళిళ్ళలోనో, కొడుకు ఇంట్లోనో, నలుగురూ మాట్లాడుకుంటూ చాలాసేపు నన్ను పలకరించకపోతే నేను ఉన్నానో లేనో అని మళ్ళీ అనుమానం వస్తుంది. మెల్లగా లేచి పోయి కిటికీకి అడ్డంగా నిలబడతాను.