ముల్లు నలభై ఆరు దగ్గర ఆగింది

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. భయపడి కాదు, విసుగొచ్చి. ఎంత దూరంలో చూశారు, ఎన్నింటికి చూశారు, వెలుతురు ఉందా లేదా అని అడిగితే చెప్పేవాళ్ళలో ఒక్కరికీ సరైన జవాబు ఉండదు. అందుకే నా సంగతి రాసేటప్పుడు కొలతలన్నీ రాస్తున్నాను. తప్పు ఎక్కడుందో ఎవరైనా పట్టుకుంటే నాకు మేలు చేసినవాళ్ళవుతారు.

నేను గల్ఫులో, హిద్ అనే ఊళ్ళో ఒక షిప్‌యార్డులో స్టోర్ కీపర్ని. చదువు పదో తరగతి. లెక్క మాత్రం పనిలో పడ్డాక సొంతంగా నేర్చుకున్నాను. క్రేను ఎత్తే ప్రతి సామానుకూ తగిన బెల్టు ఇవ్వడం నా డ్యూటీ. సామాను మీద పెయింటుతో రాసి ఉన్న బరువు నేను నమ్మను. తూచి, పుస్తకంలో రాసుకుని, ఆ తర్వాతే బెల్టు తీస్తాను.

నా భార్య సుగుణ సనాబిస్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తుంది. పడక కూడా అక్కడే, ఇంకో పనిమనిషితో కలిసి ఒక గదిలో. నాది కంపెనీ క్యాంపు, గదికి ఆరుగురం. ఇద్దరం ఒకే దేశంలో ఉంటూ ఆరేళ్ళయింది. ఊరు వెళ్ళిన సెలవులు తీసేస్తే, ఆ ఆరేళ్ళలో మేము ఒక కప్పు కింద నిద్రపోయిన రాత్రి ఒక్కటీ లేదు. శుక్రవారం పగలు కలుస్తాం. సముద్రం ఒడ్డున కూర్చుని టీ తాగుతాం. సాయంత్రం ఆమెను గేటు దగ్గర దింపి వెనక్కి వస్తాను.

టియర్‌డ్రాప్ క్యాంపర్ కొందామన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. అది బండి వెనక తగిలించి లాక్కెళ్ళే రెండు చక్రాల చిన్న పెట్టె. పక్క నుంచి చూస్తే కన్నీటి బొట్టు ఆకారం. లోపల ఇద్దరికి సరిపడా పరుపు, అటొక తలుపు, ఇటొక తలుపు. వెనక మూత ఎత్తితే వంటగట్టు. లోపల నిలబడలేం, కూర్చోగలం. కానీ లోపలి నుంచి గడియ పెట్టుకోవచ్చు. మాకు కావలసింది అదే. చలికాలంలో ఇక్కడి జనం సఖీర్ ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. సుగుణ వాళ్ళ మేడమ్ నెలకొక గురువారం రాత్రి బయట ఉండడానికి ఒప్పుకుంది.

కొనేముందు ఒక రాత్రి అద్దెకు తీసుకుని చూద్దామన్నది నేనే. నువైద్రాత్‌లో గ్యారేజీ నడిపే నసీర్ భాయ్ దగ్గర ఒకటి ఉంది. నచ్చితే అమ్మేస్తానన్నాడు. హామీగా నా సీపీఆర్ కార్డు, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, తీసుకుని సొరుగులో పెట్టుకున్నాడు. పరుపు మీద మూడు దిండ్లు వేశాడు. మేము ఇద్దరమే కదా అని మూడోది తీసి ఆయన చేతికే ఇచ్చేశాను.

పికప్ మా యార్డులో వెల్డర్ అప్పలరాజుది. తాళం ఇస్తూ, "అన్నీ లెక్కేసుకున్నారు గానీ గురువుగారూ, ఎడారిలో రాత్రికి చలేస్తాది. అది లెక్కేసినారా?" అన్నాడు. రెండు దుప్పట్లు చూపించాను. నవ్వాడు.

మధ్యాహ్నం మూడున్నరకి సఖీర్ చేరాం. పైన పలచగా ఇసుక ఉన్న గట్టి నేల చూసి పికప్ నుంచి క్యాంపర్ విడదీశాను. చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాను. ముందు కడ్డీ కింద ఒక ఇనప కాలు ఉంటుంది, నిలిపినప్పుడు ముందు భారమంతా దాని మీదే. ఆ కాలు కింద ఒక చెక్క, చెక్క మీద స్టోరు నుంచి తెచ్చుకున్న ముల్లు తూకం మిషన్ పెట్టాను. మనుషులు ఎక్కి చూసుకునే మామూలు మిషనే. లోపల పడుకుంటే ముందుకి ఎంత బరువు వస్తుందో తెలియకుండా నేను ఏ బండీ కొనను.

కాలు కింద పెట్టేముందే మిషన్ని పరీక్షించాను. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను, ఖాళీ క్యాను బరువుతో కలిపి ఇరవై ఒకటి చూపించాలి. చూపించింది.

ఖాళీ క్యాంపర్‌తో ముల్లు ముప్ఫై నాలుగు. నేను లోపల పడుకుంటే సుగుణ చదివింది: యాభై ఒకటి. తర్వాత ఆమె పడుకుంది.

"నన్ను కూడా తూస్తారేంటండీ, బియ్యం బస్తాలాగా?"

"బస్తా అయితే కదలదు. నువ్వు కదులుతున్నావు."

"సరే గానీ పైకి చదవకండి. పక్క గుడారం వాళ్ళు వింటారు."

పక్క గుడారం మూడు వందల పన్నెండు అడుగుల దూరంలో ఉంది, నేను నడిచి చూశాను. సుగుణతో ముల్లు నలభై ఎనిమిది. నా బరువు డెబ్బై రెండు, ఆమెది యాభై ఎనిమిది. అంటే లోపల పడుకున్న మనిషి బరువులో నాలుగో వంతుకి కాస్త తక్కువ ముందు కాలు మీద పడుతోంది. ఇద్దరం పడుకుంటే ముల్లు చదివేవాళ్ళు ఉండరు కాబట్టి కాగితం మీద కలిపాను: అరవై అయిదు. బాగుంది, కొనేద్దాం అన్నాను. సుగుణ అప్పుడే కిటికీకి ఏ రంగు తెర కుట్టాలో చెప్పడం మొదలుపెట్టింది.

కుడివైపు తలుపుకి లోపలి నుంచి గడియ పెట్టేశాను. అటువైపు మేము దిగనేలేదు. ఎడమ తలుపు ఒక్కటే వాడాం.

అయిదింటికి పొద్దు వాలింది. ఇద్దరం వెనక వంటగట్టు దగ్గర ఉన్నాం. ఆమె చేపల పులుసు వేడి చేస్తోంది. నేను నీళ్ళ క్యాను తేవడానికి ముందుకి వెళ్ళి, అలవాటుగా ముల్లు చూశాను. నలభై ఆరు.

కాలు ఒరిగిందేమో అనుకుని వంగి చూశాను. ఒరగలేదు. గాలి లేదు, పికప్ అద్దానికి కట్టిన తాడు నిటారుగా వేలాడుతోంది. మేము సామాను పెట్టింది వెనక. వెనక బరువు పెరిగితే ముందు తేలికవ్వాలి గానీ బరువెక్కకూడదు. తేడా పన్నెండు. పన్నెండుకి లెక్క కడితే లోపల సుమారు యాభై కిలోలు ఉండాలి.

ఎడమ తలుపు తీసి చూశాను. పరుపు, రెండు దిండ్లు, దుప్పట్లు. ఇంకేమీ లేదు. మళ్ళీ వచ్చి చూస్తే నలభై ఆరే. మిషన్ పాడైందని నాకు నేను చెప్పుకున్నాను. సుగుణకి చెప్పలేదు. ఆమె చాలా సంతోషంగా ఉంది.

తిన్నాం. చీకటి పడింది. ఆరూ ఇరవైకి, "చలేస్తోందండి, నేను నడుం వాలుస్తాను, మీరూ వచ్చేయండి" అని ఆమె లోపలికి వెళ్ళి తలుపు చేరేసుకుంది. గిన్నెలు సర్ది వస్తానన్నాను. నిజానికి ముందుకి వెళ్ళి టార్చి వేసి ముల్లు చూశాను. మిషన్ పాడైతే అంకె అడ్డదిడ్డంగా ఉండాలి. అరవై చూపిస్తోంది. నలభై ఆరుకి సుగుణవి పద్నాలుగు కలిపితే అరవై. ఒక్క కిలో తేడా లేదు.

అప్పుడు లోపలి నుంచి సుగుణ మాట వినిపించింది. నిద్రమత్తులో, మెల్లగా.

"కాస్త జరగండి. తలుపుకి అతుక్కుపోయాను."

నేను బయట ఉన్నాను. నా చేతిలో టార్చి ఉంది. అరిస్తే ఆమె బెదిరిపోతుంది, చీకట్లో ఎటు తిరుగుతుందో తెలియదు. మామూలుగా పిలిచాను.

"సుగుణా, పికప్ తాళం కనబడటం లేదు. ఒకసారి బయటికి రా."

నా గొంతు ఆమెకి బయటి నుంచి వినిపించి ఉంటుంది. నేను ముల్లు మీదే చూపు ఉంచాను. ఆ క్షణంలో తలుపు దగ్గరికి వెళ్ళలేకపోయాను, అది ఒప్పుకుంటున్నాను. తలుపు తెరుచుకుంది. ముల్లు అరవై నుంచి నలభై ఆరుకి దిగి అక్కడే నిలబడింది. సుగుణ చెప్పుల్లేకుండా నడిచి వచ్చి నా చొక్కా పట్టుకుంది. వెనక్కి తిరిగి చూడలేదు.

పికప్‌లో కూర్చుని అద్దాలు ఎత్తేశాం. ఆమె కాళ్ళు సీటు మీదికి లాక్కుని అంది.

"వెచ్చగా ఉందండి. మీరే అనుకున్నాను."

వెళ్ళిపోదామన్నా వెళ్ళడానికి చోటు లేదు. మా క్యాంపులోకి ఆడవాళ్ళని రానివ్వరు. పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చిన ఇంటి తలుపు రాత్రి కొడితే మేడమ్ ఇంకోసారి పంపదు. క్యాంపర్ని వదిలేస్తే నా కార్డు నసీర్ భాయ్ సొరుగులో ఉంది. దాన్ని మళ్ళీ పికప్‌కి తగిలించాలంటే ఆ కడ్డీని నా చేతులతో ఎత్తాలి, ఆ బరువుతో సహా. కాబట్టి సీటు మీదే కూర్చున్నాం, మధ్యలో గేరు రాడ్డు. పికప్ క్యాంపర్ ముందు పక్కగా ఆగి ఉంది, నేను అద్దంలోంచి టార్చి వేసి ముల్లు చూస్తూనే ఉన్నాను. తెల్లవారుజామున నమాజు పిలుపు వినబడేటప్పుడు కూడా నలభై ఆరే.

వెలుగు వచ్చాక దిగి చూస్తే ముప్ఫై నాలుగు. క్యాను పెట్టి మళ్ళీ పరీక్షించాను. ఇరవై ఒకటి కోసం ఇరవై లీటర్లు నింపి మరీ. సరిగ్గా చూపించింది. కుడి తలుపు గడియ పెట్టినట్టే ఉంది. అటువైపు ఇసుక మీద, చక్రానికి రాయి పెట్టినప్పటి నా జాడ తప్ప, ఒక్క అడుగు జాడ లేదు. ఎడమవైపు మావి తప్ప లేవు. లోపల నా దిండు మధ్యలో గుంట ఉంది. మధ్యాహ్నం నేనూ దాని మీద పడుకున్నాను కాబట్టి దాన్ని సాక్ష్యంగా తీసుకోను.

గ్యారేజీలో నసీర్ భాయ్ కార్డు తిరిగి ఇస్తూ, "కొంటున్నావా భాయ్?" అన్నాడు. వద్దన్నాను. మొదట మూడు దిండ్లు ఎందుకు వేశావని అడిగాను.

"అంతకుముందు తీసుకెళ్ళినవాళ్ళూ ఇద్దరే, మొగుడూ పెళ్ళాం. తిరిగొచ్చాక, ఇంకో దిండు ఉంటే బాగుండేదన్నారు. ఎందుకో నేనడగలేదు. ఖలాస్, అప్పట్నుంచీ వేస్తున్నాను."

సుగుణని సనాబిస్ తీసుకెళ్ళాను. గేటు దగ్గర దిగేముందు, "గదిలో అయిదుగురితో మీరు, ఇంకొకరితో నేను. ఒక్క రాత్రికి దొరికిన దాంట్లో కూడా మనం ఇద్దరమే కాదా?" అంది. ఆమె దిగి లోపలికి వెళ్ళిపోయింది.

ఇంకో క్యాంపర్ చూద్దామని ఆ తర్వాత నాలుగుసార్లు అన్నాను. వద్దంటుంది. శుక్రవారాలు మళ్ళీ సముద్రం ఒడ్డునే. ఆ కాగితం నా దగ్గరే ఉంది, ఎన్నిసార్లు వేసినా పన్నెండు కిలోల తేడా ఎక్కడిదో తేలదు. దాని పైన ఇద్దరికీ కలిపి అరవై అయిదు అని రాసుకున్న అంకె ఉంది. అది మాత్రం తూచి చూడనే లేదు.