ఎర్రచుక్క పెట్టిన బాణం

మా ఆయన బాణాలు చేయడం మొదలుపెట్టింది వాటి మీద ప్రేమతో కాదు. నేను బతిమాలితే మొదలుపెట్టాడు. నేను బతిమాలింది కూడా బాణాల కోసం కాదు, ఆయన్ని ఆ గోడ దగ్గర్నుంచి లేపడానికి.

అప్పటికి ఆయన ఉద్యోగం పోయి వానాకాలం గడిచిపోయింది. పటాన్‌చెరులో బండ్ల బ్రేకులకు ఇనుప ముక్కలు చేసే ఒక కంపెనీలో తనిఖీ ఆయన పని. మా పెళ్లికి ముందు నుంచీ అదే పని. ముక్క బాగుంటే ముందుకు పోతుంది. బాగాలేకపోతే దాని మీద బ్రష్షుతో ఎర్ర పెయింటు చుక్క పెట్టి పక్క డబ్బాలో వేస్తారు. చుక్క పడిన ముక్కను దేవుడు దిగొచ్చి చెప్పినా బయటికి పంపకూడదు. అట్లాంటిది ఒక పెట్టెడు చెడ్డ ముక్కలు బయటికి వెళ్లిపోయాయి. కొన్నవాళ్ల దగ్గర పగుళ్లు కనబడ్డాయి. విచారణ చేసి, ఆ ముక్కల మీద ఎర్రచుక్కలు లేవన్నారు. "నేను పెట్టిన, ఎవరో తుడిశిన్రు" అన్నాడు ఈయన. ఎవరూ వినలేదు. వయసు మీద పడింది, కళ్లు ఆనడం లేదు, ఇక ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమని పంపేశారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాతోనూ అదే మాట అన్నాడు. "నేను పెట్టిన."

"పోనీ తియ్యి, మనిషన్నంక ఒకపారి మరుస్తడు" అన్నాను నేను. ఓదార్పుగానే అన్నాను. నా చోట ఎవరున్నా అదే అంటారు. ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

ఆ సంగతే కాదు, ఏ సంగతీ ఎత్తలేదు. పొద్దున్నే పటాన్‌చెరు, బొల్లారం పోయే కంపెనీ బస్సులు మా సందు చివర హారన్ కొట్టేవేళకు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. బస్సులు వెళ్లిపోయేవి. ఆయన అట్లాగే ఉండేవాడు. ఉలుకు లేదు, పలుకు లేదు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. నేను సంగారెడ్డి దగ్గరి సర్కారు బడిలో ఆటల టీచర్ని. బడికి పోతూ తలుపు దగ్గరికి వేసి, మళ్లీ తీసి ఒకసారి చూసేదాన్ని. మా దగ్గరి చుట్టాల్లో ఒకాయన ఇట్లాగే గోడను చూస్తూ చూస్తూ ఒకరోజు ప్రాణం తీసుకున్నాడు. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేక, మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఏదో ఒక వంకతో ఫోన్ చేసేదాన్ని. "ఉప్పు డబ్బా ఏడ పెట్టిన?" అంటూ. "పొయ్యి పక్కన" అనేవాడు. ఆ గొంతు వినబడితే చాలు నాకు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా చర్చి ఒకటి. మా పాస్టరు అయ్యగారు మంచివాడే, కానీ ఉద్యోగం పోయాక వచ్చిన ఆదివారం నిండు సంఘంలో ఈయన్ని లేపి నిలబెట్టి, "తండ్రీ, ఈ సహోదరుడు తెలిసో తెలియకో చేసిన పొరపాటును క్షమించు" అని ప్రార్థన చేశాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, అలవాటుగా. మరుసటి ఆదివారం నుంచి ఈయన చర్చికి రావడం మానేశాడు.

ఇట్లా ఉండగా మా బడి ఆడపిల్లలకు వెదురు విల్లులు వచ్చాయి. నాకు ఒక శిక్షణలో విల్లు పట్టడం నేర్పించారు. నేర్చుకున్నాక నాకే ఆశ పుట్టి, ఇంటి వెనక ఖాళీ ప్లాటులో గడ్డి కుక్కిన గోనెసంచి నిలబెట్టి వేసేదాన్ని. విల్లులు గట్టివే, బాణాలే పుల్లల్లా విరిగిపోయాయి. పిల్లలు వంతులు వేసుకుని మిగిలిన వాటితో ఆడుతుంటే, నాకు ఒక ఆలోచన తట్టింది. విరిగిన బాణం ఒకటి తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను.

"జెర గిసొంటివి చేసియ్యరాదు?"

"కట్టెపని నాకేం ఎరుక."

"ఎరుక లేకుంటే నేర్సుకో. ఇనుమును కొలిసినోనికి కట్టె ఒక లెక్కనా? పొల్లగాండ్లు పరేషాన్ అయితున్నరు."

బాణాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఒక కన్ను మూసి, కొన నుంచి కొనకు చూశాడు. కంపెనీలో చూసే చూపు అది. చాలా రోజుల తర్వాత ఆ చూపు చూసి నాకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

కట్టె ఎక్కడ దొరుకుతుందో ఆయనకే తెలుసు. బయటి దేశాల నుంచి మిషన్లు వచ్చే పెట్టెలు తెల్లటి పైన్ కట్టెతో చేస్తారు. మిషన్ దిగాక ఆ పలకలు పటాన్‌చెరు తుక్కు దుకాణాలకు చేరతాయి. ముడులు లేని పలకలు ఏరి తెచ్చాడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దారిలో ఉన్న వడ్లాయన రంపం మీద సన్నటి చదరపు పుల్లలుగా కోయించాడు. వాటి అంచులు రందాతో చెక్కేసి, గరుకు కాగితంలో చుట్టి గుండ్రంగా తిప్పుతూ నున్నగా చేయడం ఇంట్లోనే. ఇల్లంతా పొట్టు. నేను ఊడ్చిన వెంటనే మళ్లీ పొట్టు. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు నేను, అది నా జన్మలో లేని ఓపిక.

మొదటి విడతలో కంపెనీ మనిషి చేసే తప్పే చేశాడు. కంపెనీలో లావు కొలిచే వెర్నియర్ పెట్టి ప్రతి పుల్లా వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే లావు తీశాడు. చూడటానికి కవల పిల్లల్లా ఉన్నాయి. టర్కీకోడి ఈకలు అంటించి, ఇనుప మొనలు బిగించి ఇచ్చాడు. వేస్తే ఒకటి గోనెకు కుడివైపు, ఒకటి ఎడమకు, ఒకటి పిట్టగోడ అవతలికి. కొలతలన్నీ సరిగ్గా ఉండి బాణాలు ఇట్లా ఎందుకు పోతున్నాయో ఆయనకు అర్థం కాలేదు. రెండు పుల్లలు రెండు చేతుల్లో పట్టుకుని వంచి చూశాడు. ఒకటి మెత్తగా వంగింది, ఒకటి బిర్రుగా నిలబడింది.

"ఇనుము ఒక్కతీరు ఉంటది. గిది ఏ పుల్లకు ఆ పుల్లే" అన్నాడు. అని నవ్వాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టింది.

ఆ తర్వాత కొలవడం తగ్గించి వంచడం మొదలుపెట్టాడు. ఒకేలా వంగేవి ఒక కట్ట కట్టేవాడు. అన్నం తింటూ నాకు చెప్పేవాడు కూడా. కట్టెలో సన్నటి గీతలుంటాయట, అవి ఈ కొన నుంచి ఆ కొన దాకా తిన్నగా పోవాలట. నడుమలో గీత పక్కకు జారి అంచు దాటితే, తాడు తోసినప్పుడు అక్కడే విరుగుతుందట. "టీచరమ్మా, నీ పొల్లగాండ్లకు గిది చెప్పు" అనేవాడు. నన్ను టీచరమ్మా అని ఆటపట్టించడం పెళ్లైన కొత్తలోని మాట. గండం గడిచిందనుకున్నాను.

గడవలేదు. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి కిటికీలో ఎర్ర పెయింటు డబ్బా ఉంది. దాని పక్కన ఈకలు కూడా అంటించిన బాణాలు, ఈకల కింద ఒక్కొక్క ఎర్రచుక్కతో. వీటికేమైందని అడిగితే, "దెబ్బ తిన్నయి" అన్నాడు. బాణాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచేవాడు. లోపల 'చిట్' అంటుందట. నేనూ వంచి విన్నాను. నాకేమీ వినబడలేదు. కంటికి చూస్తే నిగనిగలాడుతూ పెళ్లికొడుకుల్లా ఉన్నాయి.

రోజూ అదే వరస. చేయడం, చెవి దగ్గర పెట్టుకోవడం, చుక్క పెట్టడం. మంచి బాణాలు పిడికెడు కూడా లేవు, చుక్కలవి మోపెడు. వంకాయలు తెస్తే వాటికీ చుక్క పెడతాడేమో అని ఎగతాళి చేశాను. ఆయన నవ్వలేదు. అనుమానం పెనుభూతం అంటారు. ఒకసారి తప్పు వదిలేశావని నింద పడ్డాక ఈ మనిషికి లోకంలో ప్రతిదీ తప్పుగానే కనబడుతోందనుకున్నాను. కంపెనీలో ఆయన కళ్లు పోయాయి, ఇంట్లో చెవులు పోయాయి, ఇక మిగిలింది బుర్ర. నేను చేయించిన పనే ఆయన్ని ఆ గోడ దగ్గరికి మళ్లీ తోస్తోంది అనిపించింది. ఆ భయానికి నాకు కోపం కూడా తోడైంది. నా భయమంతా చివరికి కోపంగానే బయటికి వస్తుంది, అది నా నైజం.

జోగిపేటలో పిల్లల పోటీ దగ్గరపడింది. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా, కిటికీలోంచి అన్నిటికంటే అందమైన బాణం తీశాను.

"దీనికేమైంది?"

"నడుమల పగిలింది."

"ఏడ? సూపెట్టు."

గోటితో ఒక చోట గీశాడు. నేను వెలుతురుకు పెట్టి చూశాను. నున్నటి కట్టె.

"ఏం లేదు ఈడ."

"ఉన్నది."

"కట్టెల లేదు. అంతా నీ మనసుల ఉన్నది."

విల్లు తీసుకుని వెనక ప్లాటులోకి నడిచాను. ఆయన వెంట వచ్చాడు. "వద్దు" అన్నాడు. గట్టిగా అనలేదు, మామూలుగా అన్నాడు. "ఏస్త. మంచిగ పోతే ఇయ్యాల్టి సంది ఆ ఎర్ర డబ్బా చెత్తల పారేస్త" అని తాడు లాగాను. ఆయన చెయ్యి చాచి నా వైపు ఉరికి రావడం కంటికొసన కనబడింది. అప్పటికే వదిలేశాను.

ఎండుకట్టెను మోకాలికేసి విరిచినట్టు చప్పుడైంది. గోనె వైపు ఏమీ పోలేదు. బాణం వెనక సగం నా ఎడమ చేతిలో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దిగి అవతలికి వచ్చింది. ముందు నొప్పి లేదు. కట్టెను, చేతిని మార్చి మార్చి చూశాను. తర్వాత వచ్చింది నొప్పి.

ఆయన అరవలేదు, కంగారుపడలేదు. నేను పీకబోతే నా కుడిచేయి పట్టుకుని ఆపాడు. తువ్వాలతో కట్టె కదలకుండా చుట్టాడు, ఆటో పిలిచాడు, ఆస్పత్రిలో చీటీ రాయించాడు. గోడకు ఆని కూర్చున్న మనిషి కాదు ఆయన. కట్టె తీసి, కుట్లు వేసి, నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టాక, జేబులోంచి ఒక ముక్క తీశాడు. బాణం ముందు సగం. ప్లాటులోంచి ఎప్పుడు ఏరాడో నేను చూడనే లేదు.

"సూడు" అన్నాడు. విరిగిన చోట సగం తెల్లగా ఉంది, అప్పుడే విరిగిన కట్టె. మిగతా సగం మట్టిరంగులో ఉంది, ఎప్పటిదో పాత పగులు. పెట్టెగా ఉన్నప్పుడే ఏ మిషనో ఒత్తి ఉంటుంది. సరిగ్గా ఆయన గోరు పెట్టిన చోటే.

"నా కండ్లు మంచిగనే ఉన్నయి" అన్నాడు. కళ్లనిండా నీళ్లు. "చెవులు గూడ మంచిగనే ఉన్నయి."

నా చెయ్యి భగభగ మండుతోంది, అయినా నాకు పట్టరాని సంతోషమైంది. ఈ మనిషి ఇక బతుకుతాడు అనుకున్నాను. ఆ సంతోషంలో తొందరపడి, "అవు, కంపెనీల గూడ నువ్వు చుక్క పెట్టే ఉంటవ్" అన్నాను.

ఆయన ముక్కను పక్కన పెట్టాడు. నా కట్టు వైపు చూశాడు.

"చేతిల కట్టె దిగినంక నమ్మినవ్ టీచరమ్మా" అన్నాడు.

కోపంగా అంటే నేనూ కోపంగా ఏదో అనేదాన్ని. మెల్లగా అన్నాడు. అయినా నా నోరు ఊరుకోలేదు. "నువ్వు ఒక్కపారన్న గట్టిగ చెప్పాలె గదా! అప్పుడన్న, ఇయ్యాలన్న!"

"గట్టిగ చెప్తెనే నిజమైతదా?"

 ఇంటిదాకా ఆటోలో ఆ మాటే తిప్పి తిప్పి చూసుకున్నాను. కంపెనీ వాళ్లు నమ్మలేదంటే వాళ్లకు ఆయన ఎవరు? సంఘం నమ్మలేదంటే వాళ్లకేం తెలుసు? నేను ఆయన అన్నం తినే తీరు చూసి ఆ రోజు ఎట్లా గడిచిందో చెప్పగలిగేదాన్ని. అట్లాంటి నేనూ ఆమెన్ అన్నాను.

ఇప్పుడు ఆయన మా బడికే కాదు, చుట్టుపక్కల బడులకూ బాణాలు చేస్తున్నాడు. మాట్లాడతాడు, నవ్వుతాడు, ఉప్పు డబ్బా వంకతో నేను ఫోన్ చేయాల్సిన పని లేదు. పిల్లలకు ఒక నియమం పెట్టాడు. బాణం ఎవరు చేసినా సరే, వేసే ముందు ప్రతిసారీ వంచి చూడాలి, చెవి పెట్టి వినాలి. నా చెయ్యి మానింది, బొటనవేలు పూర్తిగా మడవలేను గానీ విల్లు పట్టగలను. ఒకసారి ఆయన చేతిలోంచి బాణం తీసుకుని, నమ్ముతున్నానని తెలియాలని, వంచకుండానే తాడుకు పెట్టాను. "పాణాలతోటి ఆటనా? వంచి సూడు!" అని ఎన్నడూ లేనంత గట్టిగా కసిరాడు. ఆయన చెప్పింది న్యాయమే. అందుకే వంచుతాను. నేను వంచి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నంతసేపు, తన మాటనే మళ్లీ పరీక్షిస్తున్నట్టు అనిపిస్తుందేమో, ఆయన మొహం అటు తిప్పుకుని నిలబడతాడు.